మరణశయ్య వద్ద పరిచర్య: బౌద్ధ వాఙ్మయ సాక్ష్యం

బౌద్ధమూ వైద్యమూ అనగానే మన సభలలో మొదట వినిపించేది అశోకుని పేరే. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండలపై కూడా ఉన్న ఆయన రెండవ శిలాశాసనం మనుషులకూ పశువులకూ చికిత్స ఏర్పాటైనదని, ఔషధ మొక్కలు లేనిచోట తెప్పించి నాటించారని తెలుపుతుంది. గర్వించదగిన సంగతే. అయితే ఏ మందూ పనిచేయని రోగి మాటేమిటి? దీనికి శాసనాలను విడిచి పాలి వాఙ్మయాన్ని ఆశ్రయించాలి.

అంగుత్తర నికాయంలో బుద్ధుడు రోగులను మూడు విధాలుగా చెప్పాడు. తగిన ఆహారం, మందు, పరిచారకుడు దొరికినా దొరకకున్నా కోలుకోనివాడు ఒకడు. ఎలాగైనా కోలుకునేవాడు మరొకడు. ఇవి దొరికితేనే కోలుకునేవాడు మూడవవాడు. ఈ ఏర్పాట్లు విధించినది మూడవవాని కోసమే. కాని అతని నిమిత్తంగా తక్కిన ఇద్దరికీ పరిచర్య చేయవలసిందే అన్నాడు. నయంకాని రోగిని మంచంతో సహా లెక్కలోనుంచి తీసివేయడానికి ఇక్కడ వీలు లేదు.

ఆ పరిచారకుడు ఎలాంటివాడై ఉండాలో వినయపిటకంలోని మహావగ్గం చెబుతుంది. మందు సిద్ధం చేయగలగాలి, పథ్యాపథ్యాలు తెలియాలి, లాభాపేక్షతో గాక మైత్రితో సేవించాలి, మలమూత్రాలు, వాంతి ఎత్తిపోయడానికి రోయకూడదు, తగిన వేళ ధర్మవాక్యంతో ధైర్యం చెప్పాలి. ధర్మవాక్యం వంతు చివరన వచ్చింది. రోగి పక్క తడిగా ఉండగా అనిత్యతను బోధించే ఉత్సాహవంతులు ఈ వరుసను గమనించాలని మా మనవి.

కుటుంబం విషయంలో మాకు అన్నింటికంటే విలువైనదిగా తోచేది నకులమాత వృత్తాంతం. భగ్గ దేశంలో భర్త నకులపిత ప్రాణాపాయ స్థితిలో ఉన్నాడు. బెంగతో చనిపోవద్దని చెప్పి ఆమె అతనికి ఆరు హామీలు ఇచ్చింది. శీలం, చిత్తశాంతి, బుద్ధశాసనంలో నిలుకడ తరువాతి మాటలు. మొట్టమొదటిది బతుకుతెరువు: నూలు వడకడం, ఉన్ని దువ్వడం నాకు వచ్చు, పిల్లలను పోషించి ఇల్లు నిలబెట్టగలను అన్నది. ఆనాటి గృహిణి చేతిపనితో సంసారం నడిచేదనడానికి చరిత్రకారునికి ఇదొక సాక్ష్యం. పోయేవాని మనసును పట్టి ఉంచేది ఏమిటో ఆమెకు తెలుసుననడానికీ సాక్ష్యమే. ఆ మాటలతో అతడు తేరుకున్నాడని, కర్ర ఊతగా బుద్ధుని దర్శించాడని సూత్రం చెబుతుంది. కోలుకోకపోయినా ఆ మాటల విలువ తగ్గేది కాదు.

నేటి ఆసుపత్రిలో ఐ.సి.యు. తలుపు బయట బెంచీమీద కూర్చున్న భార్యకు ఆరు మాటలు కాదు, ఒక్క మాట చెప్పే వ్యవధి కూడా తరచు దొరకదు. ఆమె చేతిలో ఉండేది బిల్లు, సంతకం చేయవలసిన కాగితం. మార్గాంతరం లేదనలేము. కోళికోడ్ ప్రభుత్వ వైద్య కళాశాలలో 1993లో డాక్టర్ రాజగోపాల్, డాక్టర్ సురేశ్ కుమార్ తదితరులు ఉపశమన చికిత్సా సంఘాన్ని ఆరంభించారు. 2008లో కేరళ ప్రభుత్వం దీనిపై ప్రత్యేక విధానమే ప్రకటించింది. అది బౌద్ధ సంస్థ కాదు, మనదని చెప్పుకోనక్కరలేదు. కాని అక్కడి స్వచ్ఛంద సేవకులు రోగి ఇంటికి వెళ్లినప్పుడు నొప్పిని గురించి అడిగి ఊరుకోరు. ఇంట్లో బియ్యం ఉన్నాయా, పిల్లలు బడికి పోతున్నారా అని కూడా విచారిస్తారు.