ఈశ్వరుని పేరు మోసిన పూలపొద : నూరు వరహాలు



జీర్ణోద్ధరణ కార్యం పూర్తియై మహాకుంభాభిషేకం జరుపుకొంటున్న ఈ శుభవేళ మీ దృష్టి సహజంగానే శిఖరంపై కలశం మీద, ధ్వజస్తంభపు ఇత్తడి తొడుగు మీద, ప్రాంగణంలో కొత్తగా పరచిన రాతిపలకల మీద నిలుస్తుంది. ఈ వ్యాసం మాత్రం మిమ్మల్ని ఒక్కసారి తలవంచి నేలవైపు చూడమని ప్రార్థిస్తున్నది. ప్రాకారం గోడకూ ప్రదక్షిణ మార్గానికీ నడుమ మిగిలిన ఆ కొద్దిపాటి మట్టిలో ఏడాది పొడుగునా పచ్చగా నిలిచి, గుత్తులు గుత్తులుగా ఎర్రని పూలు పూసే ఒక పొదను మీరు ఎన్ని దేవాలయాలలో చూచి ఉంటారో గుర్తు తెచ్చుకోండి. దానిని మన పెద్దలు నూరు వరహాలు అన్నారు. నర్సరీలలో ఇక్సోరా అంటున్నారు. ఈ రెండు పేర్ల వెనుక ఉన్న చరిత్రనూ, ఆ మొక్కను ఆలయంలో నిలుపుకొనే విధానాన్నీ మీకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పేరులోని వరహా

వరహా అంటే బంగారు నాణెం. వరాహం చాళుక్య రాజుల లాంఛనం. తరువాత విజయనగర ప్రభువుల లాంఛనం కూడా అదే. ఆ గుర్తు వల్లనే నాణేనికి వరహా అనే పేరు స్థిరపడింది. ఆ నాణెం బరువు సుమారు మూడున్నర గ్రాములు. ఐరోపా వర్తకులు దీనినే పగోడా అని పిలిచారు. దేవాలయానికి వారు వాడిన మాట కూడా పగోడాయే కావడం గమనార్హం. ఈస్టిండియా కంపెనీ వారు సైతం మద్రాసులో నక్షత్రపు గుర్తుతో వరహాలు ముద్రించారు. 1818లో మద్రాసు ప్రెసిడెన్సీలో రూపాయిని ప్రమాణ నాణెంగా నిర్ణయించడంతో వరహా క్రమంగా వ్యవహారం నుండి తప్పుకొన్నది.

నాణెం పోయింది, పేరు మాత్రం ఈ పొదను అంటిపెట్టుకొని మిగిలింది. ఒక్కొక్క కొమ్మ చివర పదుల కొద్దీ సన్నని గొట్టాల వంటి పూలు, ఒక్కొక్క పువ్వుకు నాలుగేసి రేకులు, అన్నీ కలిసి పిడికెడంత గుత్తి. వరహాలు గుప్పిట నిండుగా పట్టుకొన్నట్లు కనిపించే ఆ గుత్తిని చూచినప్పుడు ఈ పేరు ఎంత తగినదో మీకే తోస్తుంది.

ఈ మొక్క పుట్టిల్లు దక్షిణ భారతం, సింహళం. కాఫీ మొక్క కుటుంబమే దీని కుటుంబం. తమిళులు దీనిని వెట్చి అన్నారు. సంగకాలపు తమిళ సాహిత్యంలో శత్రువుల ఆలమందలను తరలించుకొని రావడానికి బయలుదేరే వీరులు ధరించే పువ్వు ఇదే. అందువల్ల యుద్ధారంభాన్ని వర్ణించే కవితా విభాగానికే వెట్చి అని పేరు వచ్చింది. కేరళీయులు దీనిని చెత్తి, తెచ్చి అంటారు. అక్కడి ఆలయాలలో తులసితో పాటు నిత్యపూజకు, మాలలకు ఈ పువ్వును విరివిగా వాడుతారు. మన అడవులలో తెల్లని పూలు పూసే కొరివిపాల దీనికి దగ్గరి చుట్టం. దాని కొమ్మలు దివిటీవలె మండుతాయి. ఆ గుణమే దాని పేరులోని కొరివి.

పరదేశ గ్రంథంలో పరమేశ్వరుడు

ఇక ఇక్సోరా అనే పేరు సంగతి. ఇది విదేశీ పదమని చాలామంది అనుకొంటారు. కాదు. ఇది మన ఈశ్వర శబ్దమే.

పదిహేడవ శతాబ్దంలో కొచ్చిన్ కేంద్రంగా మలబారు డచ్చివారి పాలనలో ఉండగా హెండ్రిక్ వాన్ రీడ్ అనే అధికారి అక్కడి మొక్కలన్నిటినీ చిత్రాలతో సహా గ్రంథస్థం చేయించ సంకల్పించాడు. మొక్కల గుణాలు, వాడుకలు చెప్పినవారు మనవారే. ఇట్టి అచ్యుతన్ అనే మలయాళ వైద్యుడు, రంగభట్టు, వినాయక పండితుడు, అప్పుభట్టు అనే ముగ్గురు కొంకణి బ్రాహ్మణ వైద్యులు తమ విద్యను ఆ గ్రంథానికి ధారపోశారు. హోర్టస్ మలబారికస్ పేర ఆ మహాగ్రంథం 1678 నుండి 1693 వరకు ఆమ్‌స్టర్‌డాంలో పన్నెండు సంపుటాలుగా లాటిన్ భాషలో వెలువడింది. దాని రెండవ సంపుటంలో చెత్తి పేరుతోనే మన నూరు వరహాల చిత్రం ఉంది. కేరళకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఆచార్య కె.ఎస్. మణిలాల్ దశాబ్దాలు శ్రమించి చేసిన ఈ గ్రంథపు ఇంగ్లీషు అనువాదాన్ని 2003లో కేరళ విశ్వవిద్యాలయం ప్రచురించింది.

స్వీడన్ దేశీయుడైన లిన్నేయస్ పండితుడు ప్రపంచంలోని మొక్కలన్నిటికీ రెండేసి మాటల శాస్త్రనామాలు కూర్చినప్పుడు ఇటువంటి గ్రంథాలే అతనికి ఆధారమయ్యాయి. 1753లో అతడు ఈ పొదకు ఇక్సోరా కాక్సీనియా అని పేరు పెట్టాడు. పోర్చుగీసువారి రాతలో ఎక్స్ అనే అక్షరం షకారంగా పలుకుతుంది. ఈశ్వర శబ్దం ఆ రాతలో ఇక్సోరా అయింది. ఈ పువ్వులు దైవానికి సమర్పిస్తారు గనుక ఆ దైవం పేరే మొక్కకు ఇచ్చారు. కాక్సీనియా అంటే లాటిన్‌లో ఎర్రనిది. కాబట్టి నేడు ప్రపంచంలో ఏ దేశపు ఉద్యానవనంలోనైనా ఈ మొక్క వద్ద నిలిపిన పలకను చదివేవారు, తెలిసో తెలియకో ఈశ్వరుని పేరే పలుకుతున్నారు. సముద్రాల కావల సూరినాం దేశంలో ఇదే జాతీయ పుష్పం.

మీరు ఆలోచించండి. సోమనాథ, శ్రీశైల క్షేత్రాలను చూడని వృక్షశాస్త్రజ్ఞుని గ్రంథంలోకి ఆ స్వామి పేరు ఎలా చేరింది? ఏ రాజో పంపగా చేరలేదు. ప్రతి ఉదయం నాలుగు పూలు కోసి స్వామి పాదాల వద్ద ఉంచిన సామాన్య భక్తుల అలవాటు వల్ల చేరింది.

నందనవన సేవ

పూలతోట ఆలయానికి అలంకారం కాదు, అంగం. గోపురానికి, దీపారాధనకు, నైవేద్యానికి దానమిచ్చినట్లే నందనవనాలకూ, వాటిని కాపాడే తోటమాలులకూ భూములు దానమిచ్చిన శాసనాలు దక్షిణాదిన అనేకం ఉన్నాయి. శ్రీవైష్ణవ సంప్రదాయంలో తిరుమలకు పుష్పమండపమనే పేరు. భగవద్రామానుజుల ఆజ్ఞను శిరసావహించి తిరుమల కొండపై పూలతోట వేసిన అనంతాళ్వారుల కథ మీరందరూ విన్నదే. తోటకు నీటికోసం ఆయన చెరువు తవ్వుతుండగా, నిండు చూలాలైన ఆయన భార్య మట్టి మోసేది. ఆమెకు సాయపడ వచ్చిన బాలుని తమ కైంకర్యానికి అడ్డు వచ్చినవాడిగా భావించి ఆయన గునపం విసిరాడనీ, ఆ దెబ్బ శ్రీవారి గడ్డం మీద కనిపించిందనీ ఐతిహ్యం. ఆ గునపం నేటికీ తిరుమల ఆలయ మహాద్వారం వద్ద భక్తులకు దర్శనమిస్తున్నది. మహాద్వారానికి శోభగా నిలిచినది ఖడ్గం కాదు, తోటపని గునపం. ఆలయ సేవలో మట్టిపనికి మన పూర్వులు ఇచ్చిన స్థానం అది.

నేడు చాలా ఆలయాలకు పూలు అంగడి నుండి వస్తున్నాయి. ఎక్కడ పూచినవో, ఏ మందులు చల్లినవో మనకు తెలియదు. 2024 మే నెలలో కేరళలోని తిరువాంకూరు దేవస్వం బోర్డు నైవేద్య ప్రసాదాలలో గన్నేరు పూల వాడకాన్ని నిలిపివేసింది. గన్నేరు మొక్క సర్వాంగాలూ విషపూరితం కావడమే ఇందుకు కారణం. ప్రసాదాన్ని తాకే పువ్వు విషయంలో ఎంత జాగ్రత్త అవసరమో ఈ నిర్ణయం హెచ్చరిస్తున్నది. నూరు వరహాలకు ఆ భయం లేదు. దాని పూల గొట్టాలలోని తేనెను పీల్చని పల్లెటూరి బాలబాలికలు అరుదు. పండిన దాని చిన్న పండ్లను సైతం పిల్లలు తింటారు.

కొత్త ప్రాకారం, పాత మట్టి

జీర్ణోద్ధరణ జరిగిన ఆలయాలలో తరచుగా ఒక విచిత్రం కనబడుతుంది. గోపురానికి రంగులు వచ్చిన ఏడాదికే గోడ పక్కనున్న నూరు వరహాల పొదకు రంగు పోతుంది. లేత ఆకులు పసుపు పచ్చబడి, ఈనెలు మాత్రమే ఆకుపచ్చగా మిగులుతాయి. క్రమంగా పూత తగ్గుతుంది. దిష్టి తగిలిందని కొందరు, నీరు చాలలేదని కొందరు అంటారు. అసలు కారణం మట్టిలో ఉంది.

ఈ మొక్కకు కొద్దిగా పుల్లని నేల, అనగా ఆమ్ల గుణం గల నేల కావాలి. సిమెంటు, సున్నం క్షార గుణం గలవి. నిర్మాణ సమయంలో కడిగిన సిమెంటు నీరు, రాలిన సున్నపు పెచ్చులు గోడ పాదంలోని మట్టిలో కలుస్తాయి. అటువంటి నేలలో ఇనుము ఉన్నా వేర్లు దానిని గ్రహించలేవు. ఇనుము అందని ఆకు పత్రహరితాన్ని తయారు చేసుకోలేదు. మరొక మాట కూడా భక్తులు మన్నించి వినాలి. హోమకుండంలోని భస్మం పవిత్రమే గాని అదీ క్షార గుణం గలదే. కుంభాభిషేకానంతరం యాగశాల భస్మాన్ని తెచ్చి ఈ మొక్కల పాదులలో పోయవద్దు.

ఇప్పటికే ఆకులు పసుపుబారి ఉంటే లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి ఎండ లేని వేళ ఆకులపై పిచికారి చేయాలి. పది పదిహేను రోజుల ఎడంతో రెండు మూడు సార్లు చేస్తే కొత్త ఆకులు పచ్చగా వస్తాయి. అయితే ఇది తాత్కాలిక ఉపశమనమే. పాదులోని సిమెంటు ముక్కలు ఏరివేసి, చివికిన ఆకు ఎరువు ఏటా వేయడమే శాశ్వత చికిత్స.

నాటే విధి, కాపాడే విధి

కొత్తగా నాటదలచినవారు గోడకు కనీసం మూడడుగుల దూరంలో, పూటలో అయిదారు గంటల ఎండ తగిలే చోటు ఎంచుకోవాలి. అడుగున్నర లోతు, అంతే వెడల్పు గల గుంట తీసి, ఎర్రమట్టి, బాగా చివికిన పశువుల ఎరువు, ఆకు ఎరువు కలిపి నింపాలి. నీరు నిలిచే చోటు పనికిరాదు. మొక్కకూ మొక్కకూ మూడు నాలుగు అడుగుల ఎడం ఉంచితే గాలి ఆడుతుంది.

అంగట్లో కొనలేనివారు విచారించనక్కరలేదు. వర్షాకాలంలో మరీ లేత, మరీ ముదురు కాని కొమ్మను జానెడు పొడవు కత్తిరించి, కింది ఆకులు తీసి, తడి ఇసుక కలిపిన మట్టిలో గుచ్చి నీడన ఉంచితే నెల రెండు నెలలలో వేరు పోసుకొంటుంది. ఒక తల్లిమొక్క నుండి ఆలయం నిండుగా పొదలు లేస్తాయి.

పూలు కొమ్మల కొసలలోనే పూస్తాయి. గుత్తిని కాడతో కోస్తే దాని కింద రెండు కొత్త చిగుళ్లు వస్తాయి. అంటే పూజకు కోసిన కొద్దీ పొద విస్తరిస్తుంది. అందంగా ఉండాలని నెలనెలా కత్తెరతో పైభాగాన్ని చదును చేస్తే పూసే కొసలన్నీ పోతాయి. ఏడాదికొకసారి, తొలకరికి ముందు తేలికగా కత్తిరిస్తే చాలు.

పిండినల్లి, పొలుసు పురుగులు చేరినప్పుడు వాటి జిగురుపై నల్లని మసి కమ్ముతుంది. చీమలు బారులు తీరడం దానికి తొలి గుర్తు. పూజకు వాడే పూలు గనుక విషపు మందుల జోలికి పోక, లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బునీరు కలిపి చల్లండి. మరునాటి పూలు విడిచి, ఆ తరువాతివే కోయండి. నిర్మాల్యాన్ని ప్లాస్టిక్ సంచులలో కాలువ పాలు చేయక, దారాలు తీసి, గుంటలో మాగబెట్టి ఈ పొదలకే ఎరువుగా వేస్తే స్వామి పువ్వు తిరిగి స్వామి తోటకే చేరుతుంది.

ఒక విన్నపం

ఈ ఆలయ పునర్నిర్మాణానికి మీలో కొందరు లక్షలు సమర్పించారు, కొందరు నూట పదహారులు సమర్పించారు. అందరి పేర్లూ ఈ సంచికలో అచ్చయ్యాయి. శిలకు, ఇత్తడికి ఒకసారి ఇచ్చిన ద్రవ్యం చాలుతుంది. తోటకు అలా చాలదు. దానికి రోజూ ఒకరు కావాలి. వేసవిలో రెండు బిందెల నీరు పోసే చేతులు లేకపోతే మండలాభిషేకం నాటికి పచ్చగా ఉన్న పొద మరుసటి వైశాఖానికి కట్టెగా మిగులుతుంది.

కనుక ప్రాంగణమంతా రాతిపలకలతో మూయక కొంత నేలను మట్టిగానే విడిచిపెట్టవలసినదిగా ఆలయ పెద్దలను, ఇంటికొకరు చొప్పున వారానికి ఒక పూట తోటసేవ స్వీకరించవలసినదిగా మిమ్మల్ని ప్రార్థిస్తున్నాము. పూర్వం నూరు వరహాలు దానమిచ్చే భాగ్యం ధనవంతులకే ఉండేది. ఒక కొమ్మ గుచ్చి నీరు పోయగలిగిన ప్రతి భక్తునికీ నేడు ఆ భాగ్యం ఉంది. ఆ దానాన్ని ప్రతి ఉదయం ఈశ్వరుడు స్వీకరించుగాక!

స్వస్తి.