భూలోక చాపచుట్టి వారసులు

సంక్రాంతికి చిలుకూరు వెళ్ళినప్పుడు మా మేనల్లుడికీ నాకూ ఒక వాదం మొదలైంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అరుగు మీద ఎత్తుకున్న మాట దీపాలు పెట్టే వేళకు కూడా తెగలేదు. ప్రోగ్రెసివ్ రాక్ బృందాలన్నిటిలోకీ వాద్యనైపుణ్యంలో మేటి ఎవరు అన్నది ఆ వాదం. వాడు డ్రీమ్ థియేటర్ అన్నాడు. నేను యెస్ అన్నాను. లోపలినుంచి వచ్చిన మా అక్కయ్య, "ఎవరు మేటి అయితే నాకేంరా, వీడు గిటారు అమ్మేస్తానంటున్నాడు. ముందు ఆ సంగతి తేల్చు" అంది.

కోదాడలో ఇంజనీరింగ్ చదువుతున్న ఈ కుర్రవాడు రెండేళ్ళుగా మెట్రోనోము ముందు పెట్టుకుని జాన్ పెట్రూచి వాయించే వరుసలను సాధన చేశాడట. ఆ వేగం చేతికి రాలేదు. "రానప్పుడు వాయించడం దేనికి మామయ్యా?" అని అడిగాడు. అంతవరకూ కాలక్షేపంగా సాగిన వాదం ఆ ప్రశ్నతో బరువెక్కింది. ఆ రోజు వాడికి సరిగా చెప్పలేకపోయిన జవాబును ఇక్కడ కుదురుగా రాసుకుంటున్నాను.

ఈ సంగీతంతో పరిచయం లేని చదువరుల కోసం రెండు మాటలు. 1960ల చివర ఇంగ్లండులో కొందరు యువకులకు మూడు నిమిషాల పాట, నాలుగు దెబ్బల తాళం ఇరుకనిపించాయి. పాశ్చాత్య శాస్త్రీయ సంగీతం నుంచీ, జాజ్ నుంచీ సరంజామా తెచ్చుకుని రాక్ సంగీతాన్ని విస్తరించారు. 1969లో కింగ్ క్రిమ్సన్ తొలి ఆల్బమ్ వచ్చింది. 1972లో యెస్ బృందం "క్లోజ్ టు ది ఎడ్జ్" అనే ఒక్క రచనతో గ్రామఫోను రికార్డులో ఒక పక్క మొత్తం నింపింది. అదే ఏడు జెనెసిస్ బృందం ఇరవై నిమిషాలు దాటిన "సప్పర్స్ రెడీ" చేసింది. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ బృందంలో కీత్ ఎమర్సన్ హామండ్ ఆర్గన్ మెట్ల మధ్య కత్తులు గుచ్చి మరీ వాయించేవాడు. పాటకంటే వాయించేవాడి చేతుల మీద శ్రోత చూపు నిలవడం అప్పటినుంచే మొదలైంది. ఎవరు మేటి అన్న వాదానికీ అంతే వయసు.

మావాడి పక్షం బలహీనమైనది కాదు. పెట్రూచి, జాన్ మ్యూంగ్, మైక్ పోర్ట్‌నాయ్ 1985లో బోస్టన్‌లోని బర్క్‌లీ సంగీత కళాశాలలో చదువుతూ ఆ బృందాన్ని కట్టారు. అంటే మొదటి తరం వాళ్ళు తడుముకుంటూ కనిపెట్టినదాన్ని వీళ్ళు పాఠంగా నేర్చుకుని వచ్చారు. 1999 నాటి "ది డాన్స్ ఆఫ్ ఎటర్నిటీ" అనే వాద్యరచన ఆరు నిమిషాల పైచిలుకు. అందులో తాళం నూరుసార్లకు పైగా మారుతుందని అభిమానులు లెక్కగట్టారు. "ఇంతకంటే కష్టమైనది చూపించు మామయ్యా" అన్నాడు వాడు.

కష్టం ఎవరికి అన్నది నా మొదటి సందేహం. పింక్ ఫ్లాయిడ్ వారి "మనీ" (1973) ఏడు దెబ్బల మీద నడుస్తుంది. నాలుగుకు అలవాటుపడిన చెవికి అది వింత. మనకు అది మిశ్రచాపు. సంగీతం టీచరు దగ్గర రెండేళ్ళు కూర్చున్న పిల్ల ఆ ఏడును తొడ మీద వేస్తూ వేరే మాటలు మాట్లాడగలదు. ఐదు ఖండచాపు, తొమ్మిది సంకీర్ణం. ఒకరికి శిఖరమైనది మరొకరికి ఇంటి గడప అయినప్పుడు, శిఖరాల ఎత్తు కొలిచే గజం ఎవరిదో ముందు తేలాలి.

తాళాల లెక్కతో గెలుపోటములు తేల్చిన కథ మనకు ఒకటి ఉంది. సంగీత త్రిమూర్తులలో పెద్దవారైన శ్యామశాస్త్రి (1762–1827) కాలంలో బొబ్బిలి నుంచి కేశవయ్య అనే విద్వాంసుడు సంస్థానాలన్నీ జయించుకుంటూ తంజావూరు వచ్చాడని చెబుతారు. ఆయన బిరుదు "భూలోక చాపచుట్టి". భూలోకాన్ని చాపలా చుట్టి చంకన పెట్టుకున్నవాడని అర్థం. బిరుదులోనే సవాలు ఉంది. ఆస్థాన విద్వాంసులు భయపడి శ్యామశాస్త్రిని ఆశ్రయించారు. ఆయన కామాక్షి సన్నిధిలో చింతామణి రాగంలో ఒక తెలుగు కృతి పాడి, మరునాడు సభకు వెళ్ళారు. కేశవయ్య సింహనందన తాళంలో పాడాడు. నూట ఎనిమిది తాళాలలో అతి దీర్ఘమైనది అదే, ఒక్క ఆవర్తానికి 128 అక్షరాలు. శాస్త్రి దానికి దీటుగా శరభనందన తాళం ప్రయోగించారు. పురాణాలలో సింహాన్ని అణచిన మృగం శరభం. కేశవయ్య ఓటమి ఒప్పుకున్నాడు.

ఇందులో చరిత్ర ఎంతో, గురుభక్తి ఎంతో విడదీయడం కష్టం. నన్ను ఆలోచింపజేసేది కథ తరువాతి సంగతి. కేశవయ్య పాడిన పాట ఒక్కటి కూడా మన నోళ్ళలో లేదు. ఆయన పేరు ఆయనను ఓడించినవారి కథలో ఒక పాత్రగా మాత్రమే బతికింది. పోనీ గెలిచిన తాళమైనా నిలిచిందా అంటే, శ్యామశాస్త్రి అనగానే ఎవరికీ శరభనందనం గుర్తు రాదు. గుర్తు వచ్చేది భైరవి రాగంలోని స్వరజతి. అది నడిచేది మిశ్రచాపులో, ఆ సంగీతం టీచరు దగ్గరి పిల్ల తొడ మీద వేసే ఏడులో. పందెం కోసం తీసిన ఆయుధం మూల పడింది. అమ్మవారి ముందు తగ్గు స్వరంతో పాడుకున్నది రెండు వందల ఏళ్ళు నడిచి వచ్చింది.

నైపుణ్యం వ్యర్థమని దీని అర్థం కాదు. ఆ బొబ్బిలి ప్రాంతానికి దగ్గరలోనే ఉన్న అజ్జాడలో 1864లో పుట్టిన ఆదిభట్ల నారాయణదాసు గారినే తీసుకోండి. రెండు చేతులు, రెండు కాళ్ళు, తల, ఒక్కొక్కటి ఒక్కొక్క తాళం వేస్తుండగా పాడేవారని ప్రసిద్ధి. అందుకే "పంచముఖి" అన్నారు. రష్ బృందం డ్రమ్మరు నీల్ పియర్ట్ నాలుగు అవయవాలను నాలుగు దారుల్లో నడిపినందుకు ప్రపంచం చేతులెత్తి మొక్కింది. మనవాడు ఐదోదాన్ని కూడా నడిపాడు. అయితే దాసుగారు ఆ విద్య దగ్గరే ఆగి ఉంటే మరో కేశవయ్య అయ్యేవారు. కాలికి గజ్జె, చేత చిడతలు పుచ్చుకుని ఆ లయనంతటినీ హరికథ చెప్పడానికి ఖర్చుపెట్టారు. ఆయన వెనుక ఒక ప్రక్రియ మిగిలింది. ఆయన పోయాక కూడా తరాల తరబడి హరిదాసులు ఆ బాటనే నడిచారు.

1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెట్టినప్పుడు దాసుగారు మొదటి అధ్యక్షులు. అక్కడే వయొలిన్ ఆచార్యుడిగా చేరి, 1936లో ఆయన స్థానంలోకి వచ్చినవారు ద్వారం వెంకటస్వామి నాయుడుగారు. నాయుడుగారిని గురించి చెప్పేవారెవరూ వేగం మాట ముందు ఎత్తరు. కమాను లాగితే పలికే నాదం గురించే చెబుతారు. 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఆయనకు సంగీత కళానిధి ఇచ్చింది.

సరిగ్గా ఆ 1941లోనే మా చిలుకూరులో, రావి నారాయణరెడ్డిగారి అధ్యక్షతన ఎనిమిదవ నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ జరిగింది. ఇది తేదీల పొంతన మాత్రమే. అయినా మావాడికి చెప్పవలసిన మరో మాట అక్కడే దొరికింది. ఆ సభ తరువాతి దశాబ్దంలో మా ప్రాంతపు పల్లెలకు చేరిన విద్య కచేరీ కాదు, బుర్రకథ. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి దానికి కొత్త ఊపిరి పోసింది. తెలంగాణ సాయుధ పోరాట కాలంలో అది రైతుకూలీల గోడు వినిపించింది. బుర్రకథ దళంలో ఉండేది ముగ్గురే. నడుమ కథకుడు భుజాన తంబురా మీటుతూ, వేళ్ళకున్న అందెలు కొడుతూ, కాళ్ళ గజ్జెలతో అడుగులు వేస్తూ, పాడుతూ, కథ నడుపుతాడు. అటూ ఇటూ ఇద్దరు గుమ్మెటలతో వంత పాడుతూ ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం అందుకుంటారు. రష్ కూడా ముగ్గురి బృందమే. గెడ్డీ లీ బేస్ గిటారు వాయిస్తూ, కాళ్ళతో పెడల్ సింథసైజర్ తొక్కుతూ, పాడతాడు. పని తీరు ఒకటే. 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్ గారిని ఈ వరుసలో కూర్చోబెట్టడానికి నాకేమీ సంకోచం లేదు. ఎంత కష్టంగా వాయించాడని నాజర్‌ను ఎవరూ కొలవలేదు. ఎంతమందిని ఏడిపించాడని కొలిచారు.

"ఇదంతా మన గొప్ప. వాళ్ళ ఆటలో, వాళ్ళ మైదానంలో మనవాళ్ళు ఉన్నారా?" అని అడిగాడు మావాడు. ఉన్నారు. 1971లో జాన్ మక్‌లాఫ్లిన్ మహావిష్ణు ఆర్కెస్ట్రా మొదలుపెట్టాడు. అది జాజ్ రాక్ అయినా, ప్రోగ్రెసివ్ అభిమానులు వాద్యనైపుణ్యం మాట వచ్చినప్పుడల్లా దాన్ని తమ లెక్కలోనే వేసుకుంటారు. ఆ మక్‌లాఫ్లిన్ తన "రిమెంబర్ శక్తి" బృందంలో పక్కన కూర్చోబెట్టుకున్నది పాలకొల్లులో 1969లో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్‌ను. 1978లో గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో తొలి కచేరీ చేసినప్పుడు ఆయన వయసు తొమ్మిదేళ్ళు. మాండొలిన్ మీద మెట్లు ఉంటాయి, మీటిన నాదం వెంటనే ఆరిపోతుంది. గమకానికి అంతకంటే ప్రతికూలమైన వాద్యం ఉండదు. జంట తంత్రుల బదులు ఐదు ఒంటి తంత్రులు కట్టిన విద్యుత్ మాండొలిన్ మీద ఆయన దాన్ని సాధించారు. 2014లో, నలభై ఐదేళ్ళకే వెళ్ళిపోయారు.

ఆయన వేగం జగత్ప్రసిద్ధం. ఆ వేగం ఎక్కడినుంచి వచ్చింది? గురువు రుద్రరాజు సుబ్బరాజుగారు మాండొలిన్ వాయించేవారు కాదు. ఆయన పాడేవారు. పిల్లవాడు ఆ పాటను తంత్రుల మీద వెతుక్కునేవాడు. ఏ వేలు ఎక్కడ పెట్టాలో చెప్పేవారు లేరు కనుక గొంతు వెళ్ళిన చోటికల్లా వేలు వెళ్ళడం నేర్చుకుంది. ఆ చేతివాటమంతా ఒక పాటను మోయవలసి రావడం వల్ల పుట్టినదే.

ఇక నా తీర్పు. విడిగా వేళ్ళ వేగమే కొలబద్ద అయితే డ్రీమ్ థియేటర్‌కు ఓటు వేయడంలో తప్పు లేదు. బృందంగా చూస్తే నా ఓటు ఇప్పుడు యెస్ నుంచి మారి జెంటిల్ జెయింట్‌కు వెళ్ళింది. 1970 నుంచి 1980 వరకు ఉన్న ఈ బృందంలో ప్రతి ఒక్కరూ పలు వాద్యాలు వాయించేవారు, వేదిక మీదే చేతులు మార్చుకునేవారు. ఒక గొంతు విడిచిన ముక్కను మరొక గొంతు అందుకునే వారి అల్లిక వింటుంటే నాకు కోలాటం గుర్తుకు వస్తుంది. కోలాటంలో మేటి ఆటగాడు ఎవరని అడిగితే అర్థం లేదు. ఒక్కడు తప్పితే కర్ర పక్కవాడి వేలికి తగులుతుంది, అంతే.

ప్రోగ్రెసివ్ రాక్ చరిత్రలోనూ కేశవయ్య ఘట్టం వచ్చింది. 1977లో ఎమర్సన్ బృందం పెద్ద ఆర్కెస్ట్రాను వెంటేసుకుని యాత్రకు బయలుదేరి, ఖర్చు భరించలేక మధ్యలోనే దాన్ని వదిలేసింది. మూడు స్వరాలు చాలునన్న పంక్ కుర్రాళ్ళు ఆ ఏడే లండన్ వీధులను ఏలుతున్నారు. చాప చుట్టినవాళ్ళ చాప కూడా చుట్టేశారు.

ఆ కాలం నుంచి నాకు మిగిలిన దృశ్యం మరొకటి ఉంది. బిల్ బ్రూఫర్డ్ డ్రమ్మర్లలో ఉద్దండుడు. 1972లో యెస్‌ను వదిలి కింగ్ క్రిమ్సన్‌లో చేరాడు. 1973 నవంబరులో ఆమ్‌స్టర్‌డామ్ కచేరీలో మిగిలిన ముగ్గురూ వయొలిన్‌తో మొదలైన ఒక మెత్తని రాగాన్ని అప్పటికప్పుడు అల్లుతున్నారు. బ్రూఫర్డ్ పుల్లలు రెండూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని, ఒక్క దెబ్బ కూడా వేయకుండా చివరిదాకా కూర్చున్నాడు. మరుసటి ఏడు అది "ట్రియో" పేరుతో ఆల్బమ్‌లోకి ఎక్కినప్పుడు రచయితలలో ఒకడిగా అతని పేరూ వేశారు. వాయించని దానికి వాటా ఇచ్చారు, ఎందుకంటే ఆ చోట వాయించకూడదని తెలియడం కూడా విద్యే.

ఇవన్నీ మావాడికి ఫోనులో చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. డ్రీమ్ థియేటర్ విషయంలో ఒక్క మెట్టు కూడా దిగలేదు. "సరే మామయ్యా, ఇప్పుడు ఏం సాధన చెయ్యమంటావు?" అన్నాడు. మెట్రోనోము పక్కన పెట్టి, అమ్మమ్మ పొద్దున్నే పాడుకునే పాట ఏదైనా ముందు నోటితో పాడమన్నాను. పాడాక అది తంత్రుల మీద ఎక్కడుందో వెతకమన్నాను. నవ్వాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

గిటారు మాత్రం ఇంకా అమ్మలేదని అక్కయ్య చెప్పింది. జెంటిల్ జెయింట్‌కు ఓటు వేయని చదువరులు తమ పక్షం వినిపించవచ్చు. తాళాల లెక్క ఒక్కటే తెచ్చేవారు మాత్రం సింహనందనాన్ని ముందు దాటి రావలసి ఉంటుంది.