ఆరన్‌కి రంగులు నేర్పిన పెయింటర్

ఏఐ బొమ్మలు అనగానే మనకి 2022 గుర్తొస్తుంది. మిడ్‌జర్నీ, స్టేబుల్ డిఫ్యూజన్ జనంలోకి వచ్చిన ఏడాది. నాలుగు మాటలు టైప్ చేస్తే బొమ్మ వచ్చేస్తోంది, ఇక చిత్రకారుల పని అయిపోయినట్టే అని ఒకటే గోల. నిజానికి ఈ కథ అంతకు యాభై ఏళ్ళ ముందే మొదలైంది. మొదలుపెట్టింది మనలాంటి ప్రోగ్రామర్ కాదు, ఒక పెయింటర్!

హెరాల్డ్ కోహెన్ లండన్‌లో పేరున్న చిత్రకారుడు. 1966లో వెనిస్ బియెనాలెకి బ్రిటన్ తరఫున వెళ్ళాడు. 1968లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా యూనివర్సిటీకి పాఠాలు చెప్పడానికి వెళ్ళి, అక్కడ ప్రోగ్రామింగ్ నేర్చుకున్నాడు. అప్పటికి వయసు నలభై. తర్వాత ఆయన రాసిన ప్రోగ్రామే ఆరన్.

ఆరన్‌కి ఇప్పటి మోడల్స్‌లాగా కోట్ల బొమ్మలు చూపించలేదు. అసలు దానికి కళ్ళే లేవు. అన్నీ రూల్సే. గీత మూసుకుంటే లోపల, బయట ఏర్పడతాయి.. ఇలా మొదలై, 80ల్లో మొక్కకి కొమ్మలు ఎలా చీలతాయి, మనిషి మోచెయ్యి ఎటు వంగుతుంది అనేదాకా వచ్చింది. ఒక్కో రూల్ రాయాలంటే తను ఇన్నాళ్ళూ అలవాటుగా చేస్తున్న పనేంటో ముందు తనకి అర్థం కావాలి. రిక్వైర్‌మెంట్స్ ఇచ్చే క్లయింటూ, కోడ్ రాసే డెవలపరూ ఒక్కడే అన్నమాట.

అసలు చిక్కు రంగుల దగ్గర వచ్చింది. చాలాకాలం గీతలు ఆరన్‌వి, రంగులు కోహెన్‌వి. పెయింటర్ రంగు వేసి, చూసి, దిద్దుకుంటాడు. చూపు లేని ప్రోగ్రాముకి ఆ వీల్లేదు, అంతా ముందే తేల్చుకోవాలి. అందుకని సీలో ఉన్న కోడ్‌ని లిస్ప్‌లో తిరగరాశాడు. 1995లో బోస్టన్ కంప్యూటర్ మ్యూజియంలో ఆరన్ తనే రంగులు కలిపి బొమ్మలు వేసింది.

విచిత్రం ఏంటంటే, మెషీన్‌కి అన్నీ వచ్చేశాక కోహెన్‌కి వెలితి మొదలైంది. చివరి ఏళ్ళలో రంగుల పని మళ్ళీ తన చేతిలోకి తీసుకున్నాడు. ఆరన్ గీసిన బొమ్మలకి టచ్‌స్క్రీన్ మీద వేళ్ళతో రంగులద్దేవాడు. 2016లో, 87 ఏళ్ళ వయసులో పోయాడు. నలభై ఏళ్ళకు పైగా ఒకే ప్రోగ్రాము! 2024లో న్యూయార్క్ విట్నీ మ్యూజియంలో ఆరన్ మళ్ళీ బొమ్మలు గీసింది, ఆయన లేకుండానే.

కోడ్ కూడా ఏఐయే రాసేస్తే మనకేం మిగుల్తుంది? ఈమధ్య ఆఫీసులో టీ దగ్గర రోజూ ఇదే చర్చ. నాకైతే కోహెన్ గుర్తొస్తాడు. మెషీన్ చెయ్యగలదు కదా అని అన్నీ దానికి వదిలెయ్యక్కర్లేదు. ఏది ఇవ్వాలో, ఏది ఉంచుకోవాలో ఆయన తనే తేల్చుకున్నాడు.

కాకపోతే ఒక్కటి.. ఆయన పైన మేనేజర్ లేడు.