కాకినాడ వర్తకులు బడికెళ్లిన ఏడాది

నేల మీద ఒక మేకు. చేతిలో కొన్ని రింగులు. ఎంత దూరాన నిలబడి విసరాలన్నది ఆడేవాడి ఇష్టం. 1964లో హైదరాబాదులోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థలో ఈ ఆట ఆడినవాళ్లు కాకినాడ నుంచి వచ్చిన వ్యాపారులు. మేకు పక్కనే నిలబడితే రింగు తప్పకుండా పడుతుంది, కానీ అందులో నేర్పేమీ లేదు. మరీ దూరం నుంచి విసిరితే పడినా అది అదృష్టమే. తన నేర్పుకు పరీక్ష పెట్టే దూరాన్ని వెతుక్కుని నిలబడేవాడే వ్యాపారాన్ని పెంచగలడని ఈ శిక్షణకు రూపకర్త అయిన డేవిడ్ మెక్లెలాండ్ నమ్మకం.

మెక్లెలాండ్ హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. కొన్ని సమాజాలు ఆర్థికంగా ముందుకెళ్తుంటే కొన్ని ఎందుకు ఆగిపోతాయన్న ప్రశ్న పట్టుకుని, దాదాపు 40 దేశాల పిల్లల వాచకాల్లోని కథలను జల్లెడ పట్టాడు. సాధించాలన్న తపన ఎక్కువగా కనిపించే కథలు చదివి పెరిగిన తరాలు ఆర్థికంగా ముందుకెళ్తాయని 1961లో వెలువడిన పుస్తకంలో వాదించాడు. ఆ వాదం వెంట సహజంగానే ఇంకో ప్రశ్న వచ్చింది. ఈ తపన చిన్నతనంలోనే రావాలా? నలభై ఏళ్ల మనిషిలో, అదీ పది రోజుల్లో, దాన్ని మేల్కొల్పగలమా?

దానికి జవాబు వెతికే చోటుగా కాకినాడ ఎంపికైంది. లక్ష దాటిన జనాభా, రేవు, అప్పటి తూర్పుగోదావరి జిల్లా కేంద్రం, చురుకైన వర్తకం. పోల్చి చూడటానికి శిక్షణ ఇవ్వని పట్టణం కూడా కావాలి కాబట్టి రాజమండ్రిని తీసుకున్నారు. తమిళనాట వెల్లూరు వ్యాపారులకూ ఇదే శిక్షణ ఇచ్చారు. ఆతిథ్యమిచ్చిన సంస్థ 1960లో ఢిల్లీలో పుట్టి 1962లో హైదరాబాదుకు తరలివచ్చింది. ఇవాళ యూసుఫ్‌గూడలో జాతీయ సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల సంస్థగా ఉన్నది అదే. అప్పట్లో చిన్న పరిశ్రమలకు ప్రభుత్వం చేసే సాయమంటే పారిశ్రామిక వాడలో షెడ్డు, అప్పు, యంత్రం, సాంకేతిక సలహా. అవన్నీ అందుకోవాల్సిన మనిషి సంగతి ఏమిటన్న ఆలోచనను ఈ శిక్షణ ముందుకు తెచ్చింది.

పది రోజులూ అక్కడే బస. పద్దులు రాయడం, పన్నులు కట్టడం నేర్పలేదు. స్పష్టత లేని ఒక బొమ్మ చూపించి, అందులో ఏం జరుగుతోందో కథ రాయమనేవారు. ఆ కథను ఎలా చదవాలో, అందులో తపన ఎక్కడుందో, వైఫల్య భయం ఎక్కడ దాక్కుందో గుర్తుపట్టడం వాళ్లకే నేర్పేవారు. మనిషి తన మనసును తానే చదువుకోవడమన్నమాట. ఆపైన, నేనెవరిని, నాకేం కావాలి, నా కుటుంబమూ ఆచారమూ దానికి అడ్డా, అండా అని చర్చలు. చివర్లో ప్రతి ఒక్కరూ రాబోయే రెండేళ్లకు తన లక్ష్యాలు కాగితం మీద పెట్టాలి. ఏం చేస్తాను, ఎప్పటిలోగా, ఎదురయ్యే ఆటంకాలేమిటి అన్నీ రాయాలి. ఆరు నెలలకోసారి ఎంతవరకు వచ్చిందో చూసుకోవాలి. తిరిగి వెళ్లినవాళ్లు కాకినాడలో ఒక సంఘంగా ఏర్పడ్డారు. ఇందులో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించేది ఈ సంఘమే. ఊళ్లో మరో పదిమంది అదే దారిలో ఉన్నారన్న ధైర్యం లేకపోతే హైదరాబాదులో పుట్టిన ఉత్సాహం ఇంటికి చేరాక ఎన్నాళ్లు నిలుస్తుంది?

రెండేళ్ల తర్వాత లెక్క తీశారు. కాకినాడ, వెల్లూరు కలిపి శిక్షణ పొందిన 76 మందిలో వ్యాపారంలో చెప్పుకోదగ్గ చొరవ చూపినవారు అంతకుముందు 18 శాతం, ఆ తర్వాత 51 శాతం. శిక్షణ లేని 73 మందిలో అది 22 నుంచి 25 శాతానికి మాత్రమే కదిలింది. మెక్లెలాండ్ రాతల్లో కనిపించే రేడియో దుకాణం యజమాని ఒకాయన రంగులు, వార్నిష్ తయారుచేసే కర్మాగారం పెట్టాడు. బ్యాంకు అధికారి ఒకాయన, అప్పులివ్వడంలో తాను మరీ జంకుతున్నానని తెలుసుకుని పద్ధతి మార్చుకున్నాడు.

కులం, ఉమ్మడి కుటుంబం, మతవిశ్వాసం మనవాళ్ల కాళ్లకు సంకెళ్లని ఆ రోజుల్లో పాశ్చాత్య పండితులు ఎంతోమంది తేల్చి చెప్పేవారు. కాకినాడ ఆ మాట తప్పని చూపింది. ఈ వ్యాపారులు పూజలు మానలేదు, ఇళ్లు వదల్లేదు, అలవాట్లు మార్చుకోలేదు. అయినా కొత్త పనికి పూనుకున్నారు. తెలుగువాళ్లం ఈ ప్రయోగాన్ని తలచుకోవడానికి ఈ ఒక్క కారణం చాలు.

అయితే పరిమితులు చిన్నవి కావు. వందకు లోపు మనుషులతో తేల్చింది దేశమంతటికీ వర్తిస్తుందా అని విమర్శకులు అడిగారు, సబబుగానే అడిగారు. దిగుమతి సరుకుకూ విస్తరణకూ అనుమతి కోసం దరఖాస్తు పట్టుకుని తిరగాల్సిన కాలమది, తపన ఒక్కటే దారి తెరవదు. తన వ్యాపారంలో తానే నిర్ణయాలు తీసుకోగలిగినవాళ్ల మీదే శిక్షణ బాగా పనిచేసిందని మెక్లెలాండ్, ఆయన సహచరుడు డేవిడ్ వింటర్ 1969లో తెచ్చిన పుస్తకంలోనే ఉంది. తండ్రి మాటో అన్న మాటో దాటలేనివాడు ఎంత నేర్చుకొచ్చినా చేయగలిగింది తక్కువ. దుకాణంలో గుమస్తాకు, మిల్లులో కూలీకి ఆ తరగతుల్లో చోటే లేదు. వాళ్లలోని తపనను ఎవరూ కొలవలేదు, ఆ లోటు నన్ను బాధిస్తుంది.

ఇప్పుడు మన రెండు రాష్ట్రాల్లో నైపుణ్య శిక్షణ తరగతులకు కొదవలేదు. ఎంతమంది హాజరయ్యారు, ఎన్ని ధ్రువపత్రాలు ఇచ్చారన్న లెక్కలు వెంటనే వస్తాయి. శిక్షణ పొందిన మనిషి రెండేళ్ల తర్వాత ఏం చేస్తున్నాడో కాకినాడలో అడిగినట్టు అడగాలి. శిక్షణ అందని పక్క ఊరినీ అదే ప్రశ్న అడగాలి, లేకపోతే వచ్చిన మార్పు శిక్షణ వల్లనో కాలం వల్లనో తెలియదు.

కాకినాడ పాఠాన్ని అందరికన్నా శ్రద్ధగా అందిపుచ్చుకున్నది గుజరాత్. 1970 ప్రాంతంలో అక్కడి పారిశ్రామిక సంస్థలు సాధించాలన్న తపనకు ప్రాజెక్టు తయారీని, రుణాన్ని, స్థలాన్ని జోడించి కొత్త పారిశ్రామికవేత్తలకు శిక్షణ మొదలుపెట్టాయి. మనసును మేల్కొల్పి వదిలేయకుండా, పని మొదలయ్యేదాకా వెంట నిలిచే పద్ధతి అది. ఆ అనుభవంతోనే 1983లో అహ్మదాబాదులో పారిశ్రామికవేత్తల అభివృద్ధికి ఒక జాతీయ సంస్థ వెలిసింది.