అద్దె కంప్యూటరు: భయం ఒకచోట, దొంగతనం ఇంకోచోట

క్లౌడు మాట ఎత్తగానే మన ఆఫీసుల్లో రెండు రకాల మనుషులు బయటపడతారు. "అంతా క్లౌడులో పడేద్దాం, పీడా పోతుంది" అనేవాళ్ళు ఒకరకం. "మన డేటా తీసుకెళ్ళి ఎవడి మిషన్లోనో పెడతామా? అదే మిషన్లో మన పోటీ కంపెనీ కూడా ఉంటుందిట!" అని గుండెలు బాదుకునేవాళ్ళు రెండోరకం. ఈ రెండోరకం ఎక్కువగా ఫైనాన్సులోనూ, ఆడిట్లోనూ దొరుకుతారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. కానీ ఇద్దరూ ఇదేదో 2006లో ఊడిపడ్డ వింత అన్నట్టు మాట్లాడతారు చూడండి, నాకు అక్కడే చికాకు. కంప్యూటర్ని అద్దెకిచ్చే వ్యాపారానికి అరవై ఏళ్ళ చరిత్ర ఉంది. పక్కవాటా వాడి భయం కూడా అంత పాతదే. ఆ చరిత్ర వరసగా చూస్తే నాకర్థమైందేమిటంటే, మనం ఇన్నాళ్ళూ కాపలా కాసింది ఒక గుమ్మం దగ్గర, సొమ్ము పోయింది ఇంకో గుమ్మంలోంచి.

1961లో ఎం.ఐ.టి. వాళ్ళ నూరేళ్ళ పండగలో జాన్ మెకార్తీ ఒక ఉపన్యాసం ఇచ్చారు. టెలిఫోనులాగే కంప్యూటింగు కూడా ఒకనాటికి ప్రజలందరికీ అందే సేవ అయిపోతుందనీ, ఎవరు వాడుకున్నంతకి వాళ్ళే డబ్బు కడతారనీ ఆయన ఊహ. అన్నట్టు, ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ అన్న పేరు పెట్టింది కూడా ఈయనే. అంటే ఇటు సిస్టమ్ అడ్మిన్లకీ, అటు ప్రోగ్రామర్లకీ ఎసరు పెట్టిన ఘనత ఒక్క మనిషిదే అన్నమాట :-)

ఆ రోజుల్లో కంప్యూటరు అంటే గది నిండా ఇనుము. ప్రోగ్రామును కార్డుల మీద పంచ్ చేసి కౌంటర్లో ఇచ్చి రావాలి. ఎప్పటికో ఫలితం వచ్చేది. ఒక కామా తప్పు పడితే మళ్ళీ మొదటికి. లక్షల డాలర్ల మిషను ఒక్క మనిషికి అప్పగిస్తే, ఆ మనిషి ఆలోచిస్తున్నంతసేపూ అది గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటుంది. మరి దాని కాలాన్ని ముక్కలు చేసి అందరికీ తలా ఒక ముక్క పంచితే? అదే టైమ్ షేరింగ్. 1961 నవంబరులో ఫెర్నాండో కార్బటో బృందం సీ.టీ.ఎస్.ఎస్. పేరుతో దాన్ని చేసి చూపించింది. ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్ళకి, మిషను మొత్తం తనదే అన్న భ్రమ. మనం ఇవాళ వర్చువల్ మిషను అని పిలిచేదానికి తాత అనుకోండి.

సరే, ఒకే మిషన్లో పదిమంది ఫైళ్ళు ఉంటే ఎవరివి వాళ్ళకే కనపడాలి కదా. అందుకని పాస్‌వర్డు పెట్టారు. అది ఎంతకాలం నిలిచింది? 1962లోనే అలన్ షెర్ అనే రీసెర్చి విద్యార్థికి తనకిచ్చిన వారానికి నాలుగు గంటలు చాలలేదు. పాస్‌వర్డులున్న ఫైలుని ప్రింటు చెయ్యమని ఒక కార్డు పంచ్ చేసి శుక్రవారం రాత్రి ఇచ్చేసి, శనివారం పొద్దున్నే వెళ్ళి అచ్చు తెచ్చుకున్నారు. ఈ సంగతి చాలా ఏళ్ళ తర్వాత ఆయనే నవ్వుతూ చెప్పారు. 1966లో ఇంకా తమాషా. ఒక అడ్మిను పాస్‌వర్డుల ఫైలు దిద్దుతున్నారు, అదే సమయానికి ఇంకొకాయన ఆరోజు అందరికీ కనపడాల్సిన సందేశం రాస్తున్నారు. ఎడిటరేమో ఇద్దరికీ ఒకే పేరుతో తాత్కాలిక ఫైలు వాడింది. రెండూ తారుమారు. దాంతో లాగిన్ అయిన ప్రతివాళ్ళకీ "నేటి సందేశం"గా అందరి పాస్‌వర్డులూ దర్శనమిచ్చాయి!

ఈ రెండు కథల్లోనూ మిషను గోడ బద్దలు కొట్టి పక్కవాటాలోకి దూరినవాడెవడూ లేడు. తాళాల గుత్తి బయటపడింది, అంతే. ఇది గుర్తుపెట్టుకోండి, ముందుముందు పనికొస్తుంది.

ఆ తర్వాత ఎం.ఐ.టి., జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ మొదలెట్టాయి. ఊరికి కరెంటు ఇచ్చినట్టు కంప్యూటింగు ఇచ్చే వ్యవస్థ కావాలన్నదే దాని లక్ష్యం. బెల్ ల్యాబ్స్ 1969లో విసిగి బయటికొచ్చేసింది, అలా వచ్చినవాళ్ళే యూనిక్స్ రాశారు. టైమ్‌షేర్ లాంటి కంపెనీలు 1970లలో గంటల లెక్కన కంప్యూటరు కాలం అమ్మి బాగానే సంపాదించాయి. తర్వాత మినీ కంప్యూటర్లు, వాటి వెనకాలే పీసీలు వచ్చి ఆ వ్యాపారాన్ని ఊడ్చేశాయి. బల్ల మీదే సొంత మిషను ఉంటే ఇక అద్దె ఎందుకు?

అలా మొదలైందే మన తరం చూసిన సర్వర్ రూముల కాలం. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక సర్వరు కావాలంటే మూడు కొటేషన్లు, ఒక పర్చేజ్ ఆర్డరు, నాలుగు సంతకాలు. అది వచ్చేసరికి ప్రాజెక్టే మారిపోయేది. వచ్చాక దానికి ఏసీ, యూపీఎస్, టేపులు, ఆదివారం రాత్రి కూర్చునే మనిషి. ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్న పెద్దలు డేటా సెంటరు సంగతి ఎరగరు గానీ, ఎరిగుంటే దాన్నీ కలిపేవాళ్ళే. కొన్న సర్వరు ఏడాదిలో పదకొండు నెలలు ఖాళీగా మూలుగుతుంది. పన్నెండో నెల పండగ సేల్ రోజున చాలదు.

2006 మార్చి 14న అమెజాన్ ఎస్3 వచ్చింది. ఒక గిగాబైటు దాచుకోడానికి నెలకి 15 సెంట్లు. ఆగస్టులో ఈసీ2, గంటకి 10 సెంట్లు. పర్చేజ్ ఆర్డరు లేదు, క్రెడిట్ కార్డుంటే చాలు. (అమెజాన్ పండగల తర్వాత మిగిలిపోయిన సర్వర్లనే అద్దెకిచ్చిందని ఒక కథ తిరుగుతుంటుంది. కాదని ఆ కంపెనీ సీటీవో వెర్నర్ వోగెల్స్ చెప్పారు. అయినా తర్కం చూడండి, మళ్ళీ పండగ వస్తే కస్టమర్లని ఖాళీ చెయ్యమంటారా?)

లాభం ఎంతో 2007లో న్యూయార్క్ టైమ్స్ ఇంజనీరు ఒకాయన చేసి చూపించారు. పత్రిక పాత సంచికల స్కాన్లు 4 టెరాబైట్లు, వాటిని కోటీ పదిలక్షల వ్యాసాలుగా పీడీఎఫ్ చెయ్యాలి. వంద ఈసీ2 మిషన్లు తీసుకుని ఒక్క రోజులోపు ముగించేశారు. గంటకి 10 సెంట్ల లెక్కన మిషన్ల అద్దె కట్టి చూడండి, 240 డాలర్లు దాటదు. అదే పనికి వంద సర్వర్లు కొనమని ఏ మేనేజరునైనా అడగండి, మీ వంక ఎలా చూస్తారో! నెట్‌ఫ్లిక్స్ సంగతీ తెలిసిందే. 2008 ఆగస్టులో సొంత డేటాబేసు పాడై మూడు రోజులు డీవీడీలు పంపలేకపోయారు. ఆ దెబ్బతో మొదలెట్టిన బదిలీ 2016 జనవరికి గానీ పూర్తవలేదు. ఏడేళ్ళు! "అంతా క్లౌడులో పడేద్దాం" అనే మొదటిరకం వాళ్ళు ఈ అంకె ఒకసారి చూడాలి.

ఖర్చు తగ్గుతుందన్న మాట మాత్రం ఎల్లప్పుడూ నిజం కాదు. ఎగుడుదిగుడు పనికి అద్దె లాభం. ఏడాదంతా ఒకే తీరున నడిచే పనికి సొంతిల్లే చవక. 37సిగ్నల్స్ వాళ్ళు 2022లో క్లౌడుకి 32 లక్షల డాలర్లు కట్టి, లెక్క చూసుకుని సొంత మిషన్లకి తిరిగొచ్చేశారు.

ఇక భయం సంగతి. 2009లో నలుగురు పరిశోధకులు ఒక పేపరు రాశారు. ఈసీ2లో ఫలానా కంపెనీ మిషను ఏ పెట్టెలో ఉందో కనిపెట్టి, కొద్ది డాలర్ల ఖర్చుతో అదే పెట్టెలో తమ మిషను కూడా దింపవచ్చని చూపించారు. ఫైనాన్సు వాళ్ళ పీడకల అచ్చం అదే! 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ బయటపడ్డప్పుడైతే ప్రాసెసర్ గోడకే బీటలున్నాయని తెలిసింది. క్లౌడు కంపెనీలన్నీ ఆదరాబాదరా ప్యాచీలు వేసుకున్నాయి. ఇవి నిజమైన ప్రమాదాలే, కొట్టిపారెయ్యను. కానీ ఆ దారిన దూరి ఫలానా కంపెనీ కొంప ముంచారన్న పేరుమోసిన ఉదంతం ఒక్కటీ లేదు. కొంపలు మునిగిన దారి వేరు.

కోడ్ స్పేసెస్ అని ఒక కంపెనీ ఉండేది. వేరే కంపెనీల సోర్సు కోడు దాచిపెట్టడమే వాళ్ళ వ్యాపారం. బ్యాకప్పుల గురించి గొప్పగా చెప్పుకునేవాళ్ళు కూడా. 2014 జూన్‌లో ఎవడో వాళ్ళ అమెజాన్ కంట్రోల్ ప్యానెల్లోకి దూరి డబ్బు అడిగాడు. వీళ్ళు పాస్‌వర్డులు మార్చి తమ అకౌంటు తాము తిరిగి పట్టుకోబోతే, వాడు ముందే చేసిపెట్టుకున్న ఇంకో లాగిన్లతో వచ్చి ఒక్కొక్కటీ చెరిపేశాడు. డిస్కులు, మిషన్లు, బ్యాకప్పులు... పన్నెండు గంటల్లో చాలా భాగం పోయింది. వేరేచోట దాచామనుకున్న బ్యాకప్పులు కూడా ఆ తాళానికే తెరుచుకున్నాయి. కంపెనీ మూసేశారు. సర్వర్ రూములో ఉంటే ఇంత నష్టం చెయ్యడానికి ఒక మనిషి సుత్తి పట్టుకుని తిరగాలి. క్లౌడులో ఒక బటను చాలు. క్షణంలో వంద మిషన్లు పుట్టించే సౌకర్యమే క్షణంలో వంద మిషన్లని చంపుతుంది.

2019లో కేపిటల్ వన్ బ్యాంకు. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. చేసింది అమెజాన్‌లో ఒకప్పుడు పనిచేసిన ఇంజనీరే. కానీ అమెజాన్ గోడ దూకి కాదు. బ్యాంకు తన వాటాలో పెట్టుకున్న ఫైర్‌వాల్ సెట్టింగు తప్పుగా ఉంది. బయటివాళ్ళు ఒక అడ్రసు ఇస్తే అది తనే వెళ్ళి తెచ్చి చేతిలో పెట్టేది. 169.254.169.254 అన్న అడ్రసు అడిగితే ఆ మిషను తాత్కాలిక తాళాలు తెచ్చిచ్చింది. ఆ తాళాలకున్న అధికారం కావలసినదానికంటే ఎక్కువ. డేటా ఎన్‌క్రిప్టు చేసే ఉంది మహాప్రభో! సరైన తాళంతో వచ్చినవాళ్ళకి వ్యవస్థ బుద్ధిగా విప్పి ఇచ్చింది. 2020లో నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది, బ్యాంకుకే. ఇంటి యజమానికి కాదు, అద్దెకున్నవాళ్ళకి.

మన దగ్గరా లెక్క ఇదే. 2018లో రిజర్వు బ్యాంకు చెల్లింపుల డేటా దేశంలోనే ఉండాలంది. అమెజాన్ డేటా సెంటర్లు 2016లో ముంబైకి, 2022లో మన హైదరాబాదుకి వచ్చాయి. దాంతో డేటా ఏ దేశంలో ఉందన్న ప్రశ్నకి జవాబు దొరికింది. కానీ 2023 డేటా రక్షణ చట్టం చూడండి, తగిన జాగ్రత్త తీసుకోకపోతే 250 కోట్ల రూపాయలదాకా జరిమానా అంటోంది. అది జనం దగ్గర డేటా తీసుకున్న కంపెనీకి, అద్దెకిచ్చినవాడికి కాదు. మిషను గచ్చిబౌలిలో ఉన్నా ఐర్లండులో ఉన్నా తాళం పారేసుకుంటే ఒకటే.

అలాగని ఇంటి యజమానులు పుణ్యాత్ములని అనను. 2023లో మైక్రోసాఫ్టు దగ్గరున్న ఒక సంతకపు తాళం చైనా హ్యాకర్ల చేతికి చిక్కింది. దాంతో వాళ్ళు అమెరికా విదేశాంగ శాఖ మెయిళ్ళే చదివేశారు. ఆ తాళం 2016 నాటిది. దీన్ని పట్టుకున్నది కూడా మైక్రోసాఫ్టు కాదు, విదేశాంగ శాఖే. అదెలాగంటే, వాళ్ళు అదనపు డబ్బు కట్టి వివరమైన లాగులు కొనుక్కున్నారు కాబట్టి. మీ ఇంట్లోకి ఎవరొచ్చారో చూపించే కెమెరాకి విడిగా బిల్లు వెయ్యడమేమిటో! గోల అయ్యాక ఆ లాగుల్లో చాలావాటిని ఉచితం చేశారు. 2024 మేలో ఆస్ట్రేలియా పింఛను సంస్థ యూనిసూపర్ ప్రైవేటు క్లౌడుని గూగుల్ పొరపాటున తుడిచేసింది. ఎప్పుడో సెటప్ చేసినప్పుడు ఒక గడి ఖాళీగా వదిలేశారట. ఆరు లక్షల మందికి పైగా సభ్యులు రోజులతరబడి తమ ఖాతా చూసుకోలేకపోయారు. కానీ సంస్థ నిలబడింది. వాళ్ళు ఇంకో ప్రొవైడరు దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకున్నారు. కోడ్ స్పేసెస్‌కి లేనిది అదొక్కటే.

నన్నడిగితే, మంచినీళ్ళ క్యాను పక్కన బల్ల కింద సర్వరు పెట్టుకుని, మూడేళ్ళుగా ప్యాచీ వెయ్యని చిన్న కంపెనీకి క్లౌడే క్షేమం. ఆ యజమాని పెట్టిన వాచ్‌మన్ మన వాచ్‌మన్ కంటే నయం. నేను కూర్చున్న సెక్యూరిటీ రివ్యూల్లో హైపర్‌వైజర్ గురించి గంట చర్చ జరుగుతుంది. రూట్ అకౌంటు పాస్‌వర్డు ఎవరి దగ్గరుందంటే మాత్రం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. అది ఆర్నెల్ల కింద మానేసిన కుర్రాడి ఫోనులో ఉంటుంది.

2024లో స్నోఫ్లేక్ కస్టమర్ల మీద జరిగిన దాడి సంగతి కూడా చెప్పి ఆపుతా. టికెట్‌మాస్టర్, ఏటీ అండ్ టీ సహా సుమారు 165 సంస్థలకి మీ డేటా పోయి ఉండొచ్చని హెచ్చరికలు వెళ్ళాయి. స్నోఫ్లేక్ గోడకి ఎక్కడా కన్నం పడలేదని దర్యాప్తు చేసిన మాండియంట్ తేల్చింది. దొంగలు మామూలుగా లాగిన్ పేజీకొచ్చి, యూజరు పేరు, పాస్‌వర్డు కొట్టి లోపలికెళ్ళారు. దొరికిపోయిన అకౌంట్లకి ఓటీపీ లాంటి రెండో తాళం లేదు. ఆ పాస్‌వర్డుల్లో కొన్ని 2020లోనే వైరస్ పట్టిన కంప్యూటర్ల నుంచి పోయినవి. నాలుగేళ్ళైనా ఎవరూ మార్చలేదు.