యాభై పైసల బిళ్ల చెల్లుతుందా? ఎంతవరకు ఇవ్వొచ్చు?

యానాం బంకుల్లో లీటరు పెట్రోలు ధర ఇప్పటికీ పైసలతోనే ఉంటుంది. కానీ యాభై పైసల బిళ్ల ఇస్తే ‘ఇది చెల్లదు’ అనే మాట చాలాచోట్ల వినిపిస్తోంది. నిజానికి అది చెల్లుతుంది.

ఏవి చెల్లవు?
పావలా (25 పైసలు), అంతకంటే చిన్న నాణేల చెల్లుబాటు 2011 జూన్ 30 నుంచి రద్దయింది. గడువులోగా బ్యాంకులో మార్చుకోని పావలాలు ఇక జ్ఞాపకాలే. అర్ధ రూపాయి ఆ జాబితాలో లేదు. పావలాతోపాటు ఇదీ పోయిందనుకోవడంతోనే చిక్కంతా.

ఎక్కడి నుంచి వచ్చింది?
ఫ్రెంచి పాలనలో యానాంలో బాంక్ ద లాందోషిన్ రూపాయి నోట్లు, బ్రిటిష్ ఇండియా నాణేలు కలిసి చలామణి అయ్యేవి. అప్పట్లో రూపాయికి 16 అణాలు. 1954 నవంబరు 1న పాలన భారత్ చేతికి వచ్చింది. 1957 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా రూపాయికి వంద ‘నయా పైసలు’ అయ్యాయి. ఎనిమిది అణాల స్థానంలో 1960లో 50 నయా పైసల నాణెం వచ్చింది. 1964లో ‘నయా’ అనే మాట తీసేశారు. రూబుల్‌ను వంద కోపెక్‌లుగా లెక్కించే పద్ధతిని రష్యా 1704లోనే అమలు చేసింది.

పరిమితి ఎంత?
నాణేల చట్టం–2011 ప్రకారం ఒక చెల్లింపులో అర్ధ రూపాయి బిళ్లలు రూ.10 వరకే, అంటే 20 బిళ్లల వరకే చెల్లుబాటు. రూపాయి, ఆపై నాణేలకు ఈ పరిమితి రూ.1,000. అంతకుమించి ఇస్తే తీసుకోవాల్సిన బాధ్యత అవతలివారికి లేదు. పుదుచ్చేరి పరిధిలోని యానాంలోనైనా, పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లోనైనా నిబంధన ఒక్కటే.

డబ్బాలో పోగుపడితే?
బ్యాంకుకు తీసుకెళ్లండి. ఏ శాఖా చిల్లర నాణేలను నిరాకరించకూడదని రిజర్వు బ్యాంకు ఆదేశాలున్నాయి. విలువల వారీగా వేరుచేసి, లెక్కపెట్టి తీసుకెళ్తే కౌంటరులో పని త్వరగా అవుతుంది.

కాదంటే?
ముందుగా ఆ బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సంతృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. వివరాలకు 14448కు ఫోన్ చేయొచ్చు.