తలారి కాలంలో హత్య జరిగితే

పోలీసు స్టేషన్ లేని రోజుల్లో కోవూరు రాత్రి కాపలా తలారిది. ఊరేమో పెన్నకు ఉత్తరపు ఒడ్డున, మద్రాసు నుంచి కలకత్తా పోయే ట్రంకు రోడ్డు మీద ఉంది. బండ్లకూ బాటసారులకూ కొదవ లేదు. వీధి దీపం లేని చీకట్లో ఎవరొచ్చారో, ఎవరు పోయారో కనిపెట్టడం కర్ర పట్టుకున్న ఒక్క మనిషి వల్ల అయ్యే పనేనా?

1816 నాటి మద్రాసు రెగ్యులేషన్ గ్రామ మునసబును ఊరి పోలీసుకు పెద్దను చేసింది. చిల్లర తగాదాలకు అతనే శిక్ష వేయొచ్చు. మామూలుగా అయితే చావడిలో 12 గంటల నిర్బంధం. ‘కింది కులం’ వాడైతే 6 గంటలు బొండకొయ్యలో. వివక్షను చట్టమే అచ్చు వేసి మరీ ఇచ్చిందన్నమాట.

హత్య మాత్రం తహసీల్దారు దాకా పోవాలి. శిస్తు వసూలుకూ, పోలీసుకూ ఆయనే పెద్ద. చిక్కంతా అక్కడే వచ్చింది. సాక్షి దొరక్కపోతే అనుమానితుడి నోటి నుంచే నేరం కక్కించాలి. బకాయి రైతు మీద ప్రయోగించే పద్ధతులు ఎలాగూ చేతిలో ఉన్నాయి. వేళ్ళను కొయ్యల మధ్య నొక్కే కిట్టి, తలను కాళ్ళ దగ్గరికి వంచి ఎండలో కట్టేయడం. 1854లో బ్రిటిష్ పార్లమెంటులో ఈ సంగతి మీద గొడవ రేగింది. తర్వాత వేసిన విచారణ సంఘం మద్రాసు రాజధానిలో ఈ హింస నిజమేనని 1855లో తేల్చింది.

శిస్తు నుంచి పోలీసును విడదీస్తూ 1859లో 24వ చట్టం వచ్చింది. విలియం రాబిన్సన్ కొత్త పోలీసుకు అధిపతి అయ్యాడు. ఊళ్లో తలారి మాత్రం అలాగే ఉన్నాడు.

ఇంతకీ గ్యాసు దీపాలు, జీతాల పోలీసులు, వేళ ప్రకారం గస్తీ ఉంటే హంతకుడు దొరికిపోతాడా? 1888లో లండన్ వైట్‌చాపెల్‌లో అవన్నీ ఉన్నాయి. ఆగస్టు 31న మేరీ ఆన్ నికోల్స్, నవంబరు 9న మేరీ జేన్ కెల్లీ, మధ్యలో మరో ముగ్గురు హతమయ్యారు. సెప్టెంబరు 30న ఒకే రాత్రి జరిగిన రెండు హత్యల్లో ఒకటి మెట్రోపాలిటన్ పోలీసు హద్దులో, రెండోది సిటీ పోలీసు హద్దులో పడింది. గోడ మీద దొరికిన సుద్దరాతను ఫొటో తీయకముందే కమిషనర్ చార్లెస్ వారెన్ చెరిపించాడు. ఆ హంతకుడు నేటికీ తేలలేదు.

ఆ కథలో మనకూ ఒక చుట్టరికం ఉంది. పోలీసు ముందు చెప్పిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదనే 25వ సెక్షన్ ఉన్న 1872 సాక్ష్య చట్టాన్ని రాసింది జేమ్స్ ఫిట్జ్‌జేమ్స్ స్టీఫెన్. ఆయన కొడుకు జె.కె. స్టీఫెనే వైట్‌చాపెల్ హంతకుడని ఎనభై ఏళ్ళకు పైగా గడిచాక ఒక రచయిత ఊహించాడు. రుజువేమీ లేదు లెండి.

2024 జూలై 1 నుంచి ఒప్పుకోలు చెల్లదన్న ఆ నియమం భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్. పాత మినహాయింపు కూడా పోలేదు: నిందితుడు చెప్పిన మాటను బట్టి వస్తువు బయటపడితే, అంత మేరకు ఆ మాట చెల్లుతుంది. జిల్లా పేజీలో హత్య వార్త వచ్చినప్పుడు ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న చోటే ‘కత్తి స్వాధీనం’ అనీ కనిపించేది ఇందుకే.